నిద్రలో వచ్చిన కీర్తన

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నేను దాన్ని జాగ్రత్త అంటాను. చేపల చెరువుల మధ్య కాపురం చేసేవాళ్ళకి ఆ మాత్రం జాగ్రత్త లేకపోతే తెల్లారేసరికి చెరువులో నీళ్ళే మిగులుతాయి. కానీ మా కోడలు సిల్వియా కాపురానికి వచ్చాక గడిచిన మొదటి శ్రమకాలంలో ఆ జాగ్రత్త నన్ను ఎన్ని తిప్పలు పెట్టిందో నాకే తెలుసు. గుడ్ ఫ్రైడేకి ముందు ఉపవాసాలతో, ప్రార్థనలతో గడిపే ఆ నెలన్నరా నేను నిజంగా కాపలా కాసింది ఒక హార్మోనియం పెట్టెకి.

మా మామగారు సత్యవేదంగారు మిషను రోజుల్లో సువార్త చెప్పే ఉపదేశి. కొల్లేటి లంకల్లో ఊరూరూ దోనె మీద తిరుగుతూ ఆయన కట్టిన సిలువ కీర్తన ఒకటి మా ఇంట్లో ఉంది. మాటలు మండవల్లి చుట్టుపక్కల చర్చి సంఘాలన్నిటికీ వచ్చు. వాయింపు మాత్రం మా ఇంటి చేతికే వచ్చు. కాగితం మీద పెట్టొద్దన్నది ఆయన మాట. ఫోనులో పట్టొద్దన్నది నా మాట. శ్రమకాలం మొదలయ్యాకే దాన్ని బయటికి తీస్తాం, గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం చర్చిలో వాయిస్తాం. ఆ తర్వాత మళ్ళీ ఏడాది దాకా ఎవరూ ముట్టకూడదు, కూనిరాగం కూడా తీయకూడదు. నేర్పేదీ ఆ రోజుల్లోనే. నేర్చుకునేవాళ్ళు నేర్పేవాళ్ళ చేతి మీద తమ చెయ్యి ఆనించి కూర్చోవాలి. మా అత్తగారి చేతి మీద నా చెయ్యి పెట్టి నేను అలాగే నేర్చుకున్నాను.

ఆ ఏడు కోడలికి నేర్పాలని నాకేం ముచ్చట లేదు. క్రిస్మస్‌కి స్టారు కడుతూ స్టూలు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక చూస్తే ఉంగరం వేలు, చిటికెన వేలు వంగడం మానేశాయి. హార్మోనియం మెట్ల మీద నెమ్మదిగా చూపించగలను గానీ పాట నడకలో వాయించలేను. అందులో 'మధ్యాహ్నమే చీకటాయెనే' అనే దగ్గర ఒక మలుపు ఉంది. స్వరం పైకెళ్ళి, అక్కడ నిలబడకుండా జారి కిందకి రావాలి. అయిదు వేళ్ళున్న చేతికే అది కష్టం.

ఈలోగా పాస్టరుగారి మేనల్లుడు వినయ్ ఏలూరు నుంచి కీబోర్డు తెచ్చుకుని మా చర్చిలో వాయించడం మొదలుపెట్టాడు. మీట నొక్కితే డోలు, ఇంకో మీట నొక్కితే వయొలిను. ఒక ఆదివారం నా దగ్గరికొచ్చి, ఆ కీర్తన ఒక్కసారి వాయిస్తే ఫోనులో పట్టుకుని ట్రాక్ చేసేస్తానని, ఇక ఎవరి చేతి మీదా ఆధారపడక్కర్లేదని చాలా మర్యాదగా చెప్పాడు. నేను అంతకంటే మర్యాదగా కుదరదన్నాను. పాస్టరుగారు మాత్రం గుడ్ ఫ్రైడేకి మా ఇంటి నుంచి ఎవరూ వాయించలేకపోతే వినయే ఏదో ఒకటి కట్టి వాయిస్తాడని తేల్చేశారు. అలా ఒక ఏడు ట్రాక్ మీద నడిచిందంటే ఆ తర్వాత మా పెట్టె అటకెక్కినట్టే. అందుకే సిల్వియాని కూర్చోబెట్టాను.

సిల్వియా ఏలూరు పిల్ల. అక్కడ మెదడు డాక్టరుగారి క్లినిక్కులో పని చేస్తుంది. వచ్చినవాళ్ళ తలకి జిగురు రాసి వైర్లు అంటించి, కంప్యూటరులో గీతలు తీసే పని. పొద్దున్నే కైకలూరు మీదుగా బస్సులో వెళ్ళి చీకటి పడే ముందు వస్తుంది. మా అబ్బాయి రాజ్ కుమార్ ఆకివీడులో చేపల లోడింగు చూస్తాడు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఇక మిగిలింది మా ఆయన జేమ్స్‌గారు, రిటైరైన బస్సు కండక్టరు. పడుకున్నారంటే లేపడం ఎవరి తరమూ కాదు.

మొదటి సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక పిల్ల నా చేతి మీద చెయ్యి ఆనించింది. క్లినిక్కు జిగురు వాసన ఇంకా వదల్లేదు. మలుపు దగ్గర ఎన్నిసార్లు చూపించినా దాని వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. విసుగొచ్చి పెట్టెకి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకున్నాను. మనసులో కొంచెం సంతోషం కూడా కలిగింది, దాచడమెందుకు.

తెల్లారి బస్సుకి తయారై, క్యారేజీ సర్దుకుంటూ, ఒక్కసారి వాయించి వెళ్తానంది. తాళం తీశాను. నిలబడే వంగి మలుపు వాయించింది. వేళ్ళు ఎక్కడా తట్టుకోలేదు. పైకెళ్ళి, జారి, కిందకొచ్చింది.

"నిన్న రాలేదు కదే?" అన్నాను.

"వచ్చేసిందండీ అత్తయ్యా," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నిన్న సాయంత్రం రానిది పొద్దున్నకెలా వస్తుంది? పెట్టెకి తాళం ఉంది, చెవి నా బొడ్లో ఉంది. ఆ రోజంతా అదే ఆలోచన. మర్నాడు ఇంకో చరణం చెప్పాను. సాయంత్రం తడబాటు, పొద్దున్న సాఫీ. మా ఆయనతో అంటే, పిల్లకి బుర్ర ఉందనుకోకూడదా అన్నారు. బుర్ర ఉంటే సాయంత్రం కూడా ఉండాలి కదా అన్నాను.

చివరికి దాన్నే అడిగాను. పెరట్లో చింతచిగురు దూస్తూ తీరిగ్గా చెప్పింది. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు నిద్రలో మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటుందట. అప్పుడే అది కుదురుకుంటుందట. నిద్రపోయేవాళ్ళ గీతల్లో ఉన్నట్టుండి ఒక చిన్న మెలిక వస్తుందట, కదురు ఆకారంలో మధ్యలో లావుగా, అటూ ఇటూ సన్నగా. అలాంటివి బాగా వచ్చినవాళ్ళకి నేర్చుకున్నది బాగా నిలుస్తుందని డాక్టరుగారు ఒకసారి చెప్పారట.

"అంతా అంత తేలిగ్గా ఉండదులెండి. నాకూ పూర్తిగా తెలీదు. నేను గీతలు తీసేదాన్నే," అంది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మా ఊళ్ళో సామెత. దొరికిన దొంగల సాకులు చాలా విన్నాను గానీ, నిద్రపోతుంటే వచ్చి పడిందన్న దొంగని అదే మొదటిసారి చూడటం. ఆ సాయంత్రం నా తలవెంట్రుక ఒకటి పీకి, కొబ్బరినూనె రాసి, పెట్టె మూతకీ అంచుకీ మధ్య అంటించాను. ఎవరైనా మూత ఎత్తితే తెగాలి. పొద్దున్న అది పెట్టిన చోటే ఉంది. సిల్వియా మాత్రం కొత్త చరణం వాయించేసింది. వెంట్రుక తెగి ఉంటే నా మనసు కుదుటపడేది. తెగకపోయేసరికి పిల్ల నేననుకున్నదానికంటే గడుసుదని తేలింది.

అప్పుడు తట్టింది ఫోను. నా పక్కన కూర్చున్నప్పుడు దాని ఫోను ఎప్పుడూ ఒళ్ళోనే ఉంటుంది. బస్సులో వెళ్తూ చెవుల్లో ఆ తీగలు పెట్టుకుంటుంది. అంటే నేను వాయించేది పట్టుకుంటోంది, దారి పొడుగునా వింటోంది. ఈ లెక్క కుదిరింది. ఆ వారంలోనే ఇంకో లెక్క కూడా కుదిరింది. కీళ్ళ మందు కోసం కైకలూరు వెళ్ళి వస్తుంటే బస్టాండులో సిల్వియా కనబడింది. పక్కన వినయ్. ఇద్దరూ నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్నారు. ఫోను దాని చేతిలోనే ఉంది. నేను ఆటో దిగకుండా ఇంటికొచ్చేశాను.

ఎప్పటి పరిచయమని ఆ సాయంత్రం మామూలుగా అడిగినట్టు అడిగాను. ఏలూరులో ఒకే చర్చి అండీ, చిన్నప్పుడు సండే స్కూల్లో కలిసి చదువుకున్నాం అంది. తడబడలేదు, దాచలేదు. అదే నాకు నచ్చలేదు.

ఆ రోజు నుంచి, గుడ్ ఫ్రైడేకి నేనే వాయించాలని, నా పని నేను మొదలుపెట్టాను. సిల్వియా బస్సెక్కగానే తలుపు దగ్గరేసి పెట్టె ముందు కూర్చునేదాన్ని. ఉన్న మూడు వేళ్ళతోనే ఆ మలుపు వాయించాలి. రెండు వేళ్ళ పని బొటనవేలికి అప్పజెప్పాలి, దాన్ని మిగతావాటి కింద నుంచి దూర్చి పైకి తేవాలి. ఇన్నేళ్ళ అలవాటు మార్చుకోవడమంటే కొత్తగా నేర్చుకున్నట్టే. మధ్యాహ్నం దాకా తంటాలు పడితే కాస్త దారికొచ్చేది. హమ్మయ్య అనుకునేదాన్ని. తెల్లారి కూర్చుంటే మళ్ళీ మొదటికొచ్చేది. బొటనవేలు ఎటు వెళ్ళాలో దానికే తెలిసేది కాదు.

ఎందుకు నిలవడం లేదో నేను ఆలోచించలేదు. వయసు అనుకున్నాను. రాత్రిళ్ళు ఎలా గడుస్తున్నాయో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మంచం పెట్టె ఉన్న గదిలోకి మార్చుకున్నాను. శ్రమకాలంలో మెలకువగా ఉండి ప్రార్థించుకోవాలని వంక చెప్పాను. ప్రార్థన సగం, కాపలా సగం. పిల్లి కదిలినా లేచేదాన్ని. పగలు కళ్ళు మండిపోయేవి. పులుసులో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. ఒకరోజు వేసిందే మళ్ళీ వేశాను. మా ఆయన కిమ్మనకుండా తిని, చెంబెడు నీళ్ళు తాగారు.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు ఆరాధన అయ్యాక వినయ్ ఎదురొచ్చి వందనాలు చెప్పాడు. మీ కోడలుగారు కీర్తన భలే పట్టేశారటండీ పెద్దమ్మగారూ, ఒక్క ముగింపే మిగిలిందట కదా అన్నాడు. తాటిమట్ట చంకలో పెట్టుకుని ఇంటి దారి పట్టాను. మా ఇంట్లో ఏం మిగిలిందో వీడికెలా తెలుసు?

ఇంటికి రాగానే, చీర కూడా మార్చుకోకుండా, సిల్వియాని పిలిచి ఫోను ఇమ్మన్నాను. పాట వాడికి ఎన్నాళ్ళ నుంచి ఇస్తున్నావని అడిగాను. ఇంకా చాలా అన్నాను. మా ఆయన మధ్యలోకి రాబోతే ఆయన్నీ ఆపాను. పిల్ల మొహం ఎర్రబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఆయన పాట అడిగారండీ, నిజమే. మా అత్తయ్యగారు ఒప్పుకోరని చెప్పాను. ఎంతవరకు వచ్చిందని అడిగితే ముగింపు మిగిలిందన్నాను. అంతే. ఫోను శుక్రవారం దాకా మీ దగ్గరే ఉంచండి," అంది.

ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇక చూద్దాం అనుకున్నాను. సోమవారం సాయంత్రం నాలుగో చరణంలో మా మామగారు పెట్టిన ఒక చిన్న మార్పు చెప్పాను, అంతకుముందెప్పుడూ చెప్పనిది. యథాప్రకారం తడబడింది. పెట్టె తాళంలో, ఫోను తాళంలో, నేను గుమ్మానికి అడ్డంగా మంచంలో. మంగళవారం పొద్దున్న ఆ మార్పు వాయించేసి క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది. దాన్ని అనుమానించడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. అయినా మనసు ఊరుకోలేదు. ఆ రాత్రి కూడా కాపలా కాశాను.

బుధవారం సిల్వియా పెందలాడే వచ్చింది. చివరి ముక్క, ముగింపు, ఆ సాయంత్రం చెప్పాను. చెబుతూ చెబుతూ నేనే కునికాను కాబోలు, కళ్ళు తెరిచేసరికి దాని చెయ్యి నా చేతి మీదే ఉంది, కదలకుండా. నా మొహంలోకి చూస్తోంది.

"కొంతమందిని రాత్రంతా నిద్ర ఆపుకుని రమ్మంటామండీ, అప్పుడు గీతలు బాగా తెలుస్తాయని. ఆ మొహాలు నాకు అలవాటే," అంది. "మీరు పడుకోవడం లేదు కదండీ?"

నేను చెయ్యి లాక్కుని పెట్టె మూత వేయబోయాను.

"పగలు మీరు వాయించుకుంటున్నారని మావయ్యగారు చెప్పారు. నిద్ర లేకుండా ఎంత వాయించినా నిలవదండీ. ఇవాళ నేను ఏలూరు మా అమ్మగారింటికి వెళ్తాను. రేపు అటు నుంచటే డ్యూటీకెళ్ళి, సాయంత్రం ఆరాధనకి నేరుగా చర్చికి వస్తాను. పెట్టె ఇక్కడే ఉంటుంది, ఫోనూ ఇక్కడే ఉంటుంది, నేను ఉండను. మీరు పడుకోండి."

సంచీలో ఒక చీర పెట్టుకుని ఆఖరి బస్సుకి వెళ్ళిపోయింది. మా ఆయన బస్సెక్కించి వచ్చి, నన్ను అడక్కుండానే నా మంచం పాత చోటికి లాగేశారు. కాపలా కాయడానికి ఇంట్లో ఎవరూ లేరు. నడుం వాల్చడం గుర్తుంది.

లేచేసరికి ఎండ వంటింట్లోకి వచ్చేసింది. మా ఆయన టీ పెట్టుకుని తాగేసినట్టున్నారు, గిన్నె గట్టు మీద ఉంది. మొహం కడుక్కుని, అలవాటు కొద్దీ పెట్టె తీసి, గాలి తిత్తి కదిపాను. మలుపు దగ్గరకొచ్చేసరికి బొటనవేలు తనంతట తానే కింద నుంచి దూరి పైకొచ్చింది. స్వరం పైకెళ్ళింది, నిలబడలేదు, జారి కిందకొచ్చింది. నేను చెయ్యి తీసేశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది. ముగింపు దాకా వచ్చింది. నిన్న పొద్దున్న ఇది రాలేదు. రాత్రి నేను పెట్టె ముట్టలేదు.

ఏడుపొచ్చింది. ఎందుకో సరిగ్గా చెప్పలేను. చెయ్యి తిరిగి వచ్చినందుకు కొంత, ఆ పిల్లని అన్న మాటలు గుర్తొచ్చి కొంత. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"రాత్రి దొంగచాటుగా ఎప్పుడు వాయించావే హన్నా?" అన్నారు.

ఆయన నవ్వుతూనే అన్నారు. సిల్వియాకి మాత్రం చెప్పొద్దని ఆయనతో అన్నాను. ఆయన తల ఊపారు. ఆయన తల ఊపడాన్ని నేను ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు.

గురువారం సాయంత్రం సిల్వియా చర్చికే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా తమ్ముడి పాప ఏడుస్తూనే ఉందని, ఉన్నది ఒకటే గది అని చెప్పింది. ఇంటికొచ్చాక బీరువా తాళం తీసి దాని ఫోను దానికిచ్చేశాను. అది ఫోను సంచీలో వేసుకుంది. అన్నం తిని పడుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం చర్చి కిక్కిరిసింది. ఎండకి బయట టెంటు కూడా వేశారు. వినయ్ కీబోర్డు మీద తెల్లగుడ్డ కప్పి, ఎందుకైనా మంచిదని పక్కనే కూర్చున్నాడు. పాస్టరుగారు మా ఇంటి పేరు చెప్పగానే పెట్టె ముందుకి జరిపాను. నేనే కూర్చోవచ్చు. శ్రమకాలం పొడుగునా నేను కోరుకున్నది అదే. కానీ నాకు వచ్చేసిందని తెలిశాక ఆ పట్టు ఎలా సడలిందో సడలింది. కూర్చో అని సిల్వియాకి చెప్పి, నేను కుడి పక్కన కూర్చున్నాను.

బాగా వాయించింది. మలుపు దగ్గర స్వరం పైకెళ్ళింది. మా మామగారు దోనె మీద ఎలా వాయించి ఉంటారో అలా జారింది. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. చరణాలన్నీ అయ్యాయి. ముగింపు వచ్చింది. అక్కడ దాని చెయ్యి ఆగిపోయింది.

జనం ఇంకా పాడుతూనే ఉన్నారు. వినయ్ కీబోర్డు మీద గుడ్డ తీయబోయాడు. నేను ఆలోచించలేదు. నా చెయ్యి దాని చేతి కిందకి దూర్చాను. దాని చెయ్యి నా చేతి మీద ఆనింది. నా మూడు వేళ్ళూ, పైన దాని అయిదు వేళ్ళూ, ముగింపు దాకా వెళ్ళాం. సంఘంలో ఎవరికీ తేడా తెలియలేదు. వినయ్‌కి తెలిసింది. తర్వాత వచ్చి, చివర వాయించిందెవరండీ అని అడిగాడు. మా ఇల్లు అన్నాను.

ఇంటికొస్తూ దారిలో సిల్వియాని అడిగాను, ఏమైందని.

"ఆ ముక్క నిలవలేదండీ అత్తయ్యా. నేర్చుకున్న రాత్రే నిద్ర లేకపోయింది కదా. మర్నాడు ఎంత పడుకున్నా అది తిరిగి రాదంటారు," అంది.

సరే అన్నాను. నమ్మాను కూడా. మెట్లెక్కి ఇంట్లోకి అడుగు పెడుతుండగా ఇంకో సంగతి తట్టింది. దాని కుడిచెయ్యి ఆగిన మాట నిజమే. ఎడమచెయ్యి మాత్రం తిత్తి ఊదుతూనే ఉంది, ఒక్క క్షణం కూడా ఆగకుండా. పాట మర్చిపోయి బిత్తరపోయినవాళ్ళకి రెండు చేతులూ ఆగాలి కదా. అది కావాలనే ఆగి, నాకోసం గాలి పట్టి ఉంచలేదు కదా? మా ఆయన గురువారం తల ఊపి, బస్టాండుకెళ్ళి దానికి అంతా చెప్పేయలేదు కదా?

వెనక్కి తిరిగి చూశాను. సిల్వియా చెప్పులు విప్పుకుంటూ, ఏంటండీ అత్తయ్యా అంది. మొహంలో ఏమీ దొరకలేదు.

ముగింపు ఒక్కసారి వాయించమంటే తేలిపోయేది. కానీ గుడ్ ఫ్రైడే ఆరాధన అయిపోయింది, కీర్తన లోపలికి వెళ్ళిపోయింది. వచ్చే శ్రమకాలం దాకా ఎవరూ ముట్టకూడదు. పెట్టెకి తాళం వేయడం మానేసి, చెవి వంటింట్లో మేకుకి తగిలించాను. అనుమానం ఇప్పటికీ అలాగే ఉంది. రోజూ రాత్రి దాన్ని పక్కన పెట్టుకునే పడుకుంటున్నాను, నిద్ర మాత్రం హాయిగా పడుతోంది.